రాణి వీపు మీద జిప్

మా ఇంట్ల టీవీ చూడ్డానికి కాదు, వినడానికి. ముందర అర్ర దుకాణం, వెనక అర్ర సంసారం, నడుమ గోడకు టీవీ. నేను కామారెడ్డిలో ఆడోళ్ల బట్టలు కుడ్త. నా భార్య హుక్కులు వేస్తది, కాజాలు తీస్తది, అంచులు మడుస్తది. ఇద్దరి కండ్లూ సూది మీదనే ఉంటయి కాబట్టి, పొద్దుమీకి వచ్చే రాణి సీరియల్‌ను ఏండ్ల తరబడి చెవులతోనే నడిపించినం. కత్తుల చప్పుడు వస్తే యుద్ధం. గజ్జెల చప్పుడు వస్తే కుట్ర. ఏ చప్పుడూ రాకపోతే రాణి కిటికీ కాడ నిలబడి ఏడుస్తుందని లెక్క.

నేను నోరు మూసుకొని కుట్టే మనిషిని కాదు. మిషన్ తొక్కుకుంటనే అంటుండేటోన్ని: "ఆ రాజు ఎన్నేండ్ల సంది కొట్లాడుతుండు, ఒక్కనాడన్న బువ్వ తిన్నడా? ఇంత సైన్యం అంత సైన్యం అంటడు, ఒక్క పొయ్యి పొగ కనవడదు. ఆకలితోనే గెలుస్తరా వీళ్లు?"

"నీకు చరిత్ర చెప్తుంటే తిండి గుర్తొస్తది" అనేది నా భార్య. "తిండి చెప్తే నిద్ర గుర్తొస్తది."

ఒకనాడు సూది విరిగింది. కొత్త సూది బిగిస్తూ తల ఎత్తితే, టీవీల రాణి మాకు వీపు చూపించి కిటికీ దిక్కు నడుస్తున్నది. మక్మల్ జాకెట్టు, అంచుకు జరీ, మెడ వెనక ముత్యాలు. ముత్యాల కింద నుంచి నడుం దాకా తళతళ మెరుసుకుంట ఒక జిప్.

కుర్చీల నుంచి లేచి ఒర్రిన. "జిప్! రాణి వీపుకు జిప్!"

జాకెట్టు తీసుకపోను వచ్చి బెంచీ మీద కూసున్న ఒకామె బెదిరి తన వీపు తడుముకున్నది. నా భార్య హుక్కు సగంల ఆపి టీవీ చూసే లోపల రాణి తిరిగి నిలబడ్డది. జిప్ పోయింది. సాక్ష్యం లేదు.

అయినా నాకు సాక్ష్యం ఎందుకు? వచ్చినోళ్లకూ పోయినోళ్లకూ అదే కథ. "రాజు కోటకు తలుపులు వెయ్యమంటే రాణి జిప్ వేసిందంట" అని ఛాయ్ బండి కాడ చెప్పి నవ్వించిన. నవ్వించుడు నాకు ఊపిరి పీల్చుకున్నంత అల్కటి పని. ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. ఒకనాడు పొద్దుగాల అన్నం పెట్టుకుంటనే నా భార్య అన్నది:

"సరే, నవ్వినవు. మరి జిప్ లేకుంటే ఏముంటుండె? హుక్కులా? గుండీలా? టైలర్‌వే గదా, చెప్పు."

నేను పళ్లెంల ఇంకో ముద్ద కలుపుకున్న.

"తెల్వదా?"

"తెల్సు" అంటి. ఏం తెల్వదు. పోయి మిషన్ మీద కూసోని ఒక పొడుగు అంచు మొత్తం కుట్టిన తర్వాత చూసుకుంటే సూదిల దారమే లేదు.

అప్పటి నుంచి నిలకడ పోయింది. దుకాణానికి వచ్చే ప్రతి వీపూ నన్ను ప్రశ్న అడిగినట్టే ఉండేది. టేపు వీపుకు పెట్టి కొలత రాయడం మరిచిపోయి నిలబడితే ఒకామె "ఏమన్న గూని ఉన్నదా నాకు?" అని అడిగింది. ఏడో తరగతిల బడికీ నాకూ పడక విడిపోయినం. అప్పటి నుంచి ఇద్దరం సుఖంగానే ఉన్నం. మా సాంఘిక శాస్త్రం సారు రాజులు ఎప్పుడు పుట్టిండ్రో, ఎవరిని కొట్టిండ్రో, ఎప్పుడు సచ్చిండ్రో చెప్పేటోడు. పుట్టుకకూ సావుకూ నడుమ ఏం తొడుక్కున్నరో, ఎట్ల తొడుక్కున్నరో చెప్పివుంటే నేను పదో తరగతి దాక ఆగేటోన్నేమో. నవ్వులాటకు అంటున్న అనుకునేరు. నిజంగనే ఆగేటోన్ని.

ఫోన్‌ల వీడియోలు చూసిన. ఒకడు ఒకటి చెప్తడు, ఇంకొకడు వాన్ని తిట్టుకుంట ఇంకొకటి చెప్తడు. తిట్టడంల ఇద్దరికీ మంచి సమాచారం ఉన్నది, బట్టలల్ల ఎవనికీ లేదు. ఒక ఆదివారం దుకాణం బంద్ పెట్టి దోమకొండ కోటకు పోయిన. గోడ ఎంత మందమో చేత్తో తడిమి చూసొచ్చిన. గోడ నిలిచింది. ఆ గోడ లోపల తిరిగిన బట్ట ఏది? ఎండకూ పురుగుకూ పోయింది. రాయి కట్టినోళ్లకు చరిత్ర ఉంటది, బట్ట కుట్టినోళ్లకు ఉండదని ఆనాడు నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. కోపం వస్తే నాకు ఆకలయితది, బజ్జీలు తిని ఇంటికొచ్చిన.

చివరికి ఉస్తాద్‌కు ఫోన్ చేసిన. బడి ఇడిసినంక నాకు కత్తెర పట్టుకునుడు నేర్పింది ఎల్లారెడ్డిలో ఆయననే. షేర్వానీలు కుట్టిన ఖాందాన్. ఇప్పుడు చూపు తగ్గి, కొడుకులు గల్ఫ్‌ల ఉండి, దుకాణం మాత్రం పొద్దుగాల తెరిచి ఊరికే కూసుంటడు.

"జిప్పా?" అని నవ్విండు. "మా అబ్బా దినాలల్ల గుండీలే షోకు బేటా. అంతకు ముందు బందులు. అంగర్ఖా అని పొడుగు అంగీ ఉండె, దానికి ఛాతీ పక్కన బంద్, చంక కింద బంద్. కట్టుకునుడే."

"మరి రాణులకు, ఉస్తాద్?"

"రాణుల కొలతలు మా దుకాణానికి రాలే."

బందులు అంటే బట్ట కొసకు కుట్టే బొందెలు. గదొక్క మాట దొరికిందో లేదో, నా తల ఉరుకుడు మొదలువెట్టింది. గప్పుడే ఎల్లారెడ్డి నుంచి పెండ్లి కుదిరిన మా అక్క బిడ్డ ఫోన్.

"మామా, రిసెప్షన్‌కు నాకు గా సీరియల్ రాణి డ్రెస్ కావాలె."

మా దిక్కు పెండ్లిపిల్లకు మేనమామ బట్టలు పెట్టాలె. మామ పెట్టిన బట్టల పిల్ల ఎట్ల కనవడితే మామకు అంత పేరు. చీర కొని పెట్టి చేతులు దులుపుకునే మామలున్నరు. నేను టైలర్ మామను గదా, నాకు ఆ సౌలత్ లేదు. పైగా పిల్ల ఇంకో ముచ్చట చెప్పింది. పెండ్లిపిల్లగాని అక్కలు, హైదరాబాద్‌ల కొందాం అని అన్నరంట. "మా మామ కుడ్తడు" అన్నదంట ఈమె. వాళ్లు ఒకల మొహం ఒకలు చూసుకొని, "టైలర్ మామ కుట్టిందా స్టేజీ మీదికి?" అని నవ్విండ్రంట.

"నేను అంటే అన్న, నువ్వు మాట నిలబెట్టాలె మామా" అన్నది. "వాళ్ల ముంగట నేను తక్కువ కావద్దు."

"బిడ్డా, నువ్వు స్టేజీ ఎక్కంగనే ఆ సీరియల్ రాణి టీవీల నుంచి దిగొచ్చి కొలతలు అడగాలె" అంటి.

మెరూన్ మక్మల్ తెచ్చిన. అంచుకు జరీ గోటు కుట్టిన. మగ్గం పనికి ఇచ్చి తెచ్చిన. వెనక మాత్రం జిప్ పెట్టలే. పెట్ట బుద్ధి కాలే. అంత నవ్విన నోటితో మళ్ల జిప్ ఎట్ల పెట్టాలె? వీపు మీద రెండు అంచుల నడుమ వేలెడు సందు ఇడిసి, లోపల పట్టీ వేసి, అటూ ఇటూ సాటిన్ బొందెలు కుట్టిన. సగం ఉస్తాద్ మాట, సగం నా తలకాయ. కానీ మనసులో మాత్రం మొత్తం చరిత్రనే అనుకున్న.

నా భార్య అంచు మడుస్తూ చూసింది. "జిప్ ఏది?"

"రాణులకు లేకుండె."

"గీ పిల్ల రాణి కాదు. డిగ్రీ సెకండియర్."

వినలే. వింటే నేను ఏడో తరగతిలనే వినేటోన్ని.

పెండ్లికి ముందు రోజు, డ్రెస్ కవర్ ఒళ్లె పెట్టుకొని ఎల్లారెడ్డి బస్సెక్కిన. నా భార్య తెల్లారి వస్తనన్నది. ముందు సీట్ల ఒక తండా అవ్వ కూసున్నది. ఆమె రైక మీది అద్దాలు ఎండకు నా కండ్లల్ల కొడుతుంటే మొహం ఇటు తిప్పుకొని, ఫోన్‌ల రాణుల వీడియో పెట్టుకున్న.

అక్క ఇంట్ల పసుపు వాసన, చుట్టాల చెప్పులు, ఎవలు ఎవలను పిలుస్తున్నరో తెల్వని లొల్లి. పిల్ల డ్రెస్ తీసుకొని లోపలికి ఉరికింది. నేను బయట కుర్చీల కూసోని మెప్పు కోసం మొహం సిద్ధం చేసుకుంటున్న.

లోపల నుంచి చప్పుడు లేదు. నాకు సీరియల్ అలవాటు గదా. చప్పుడు లేదంటే రాణి ఏడుస్తుందని లెక్క.

తలుపు సందులకెళ్లి అక్క తల బయటకొచ్చింది. "ఓరి తమ్మీ, జిప్ ఏదిరా?"

"అక్కా, ఆ కాలంల..."

"ఆ కాలంల నువ్వు లేవు, ఇది లేదు, నేను లేను. జిప్ ఏది?"

పిల్ల దుపట్టా కప్పుకొని వచ్చి నిలబడ్డది. కండ్లు ఎర్రగ అయినయి. "మామా, రేపు స్టేజీ మీద ఎంత మంది కాళ్లు మొక్కాలె నేను. వంగంగనే బొందె ఊడితే? వాళ్ల అక్కలు ఫోన్లు పట్టుకొని ముందు వరుసలనే ఉంటరు."

డ్రెస్ కవర్ల పెట్టుకొని ఉస్తాద్ దుకాణానికి దాదాపు ఉరికిన.

ఉస్తాద్ జిప్పుల డబ్బా ముందర పెట్టిండు. డ్రెస్‌ను కండ్ల దగ్గరికి తెచ్చుకొని, వేళ్లతోనే అంచు పొడుగూతా చదివిండు. డబ్బా మూత మళ్ల పెట్టిండు.

"మెరూన్ జిప్ లేదా?" అంటి.

"జిప్ ఉన్నది. బట్ట లేదు. రెండు అంచులు కలిస్తే గదా జిప్. నువ్వు సందు ఇడిసినవు. లోపల మడత గూడ ఉంచలే, కోసి పారేసినవు. మక్మల్ బేటా ఇది, ఇప్పి కుడ్తే సూది పడ్డ జాగ అంతా మచ్చ. ముక్క అతికితే స్టేజీ లైట్ల కింద రోడ్డు మీద గుంత లెక్క కనవడతది."

నాకు తెల్సు. చూసుకోకుండనే తెల్సు. కానీ ఆయన నోట్లె నుంచి ఇంకో మాట వస్తదేమోనని ఆశ.

"రాణులకు జిప్ లేదు, సహీ" అన్నడు. నవ్వుతుండో లేదో ఆ గడ్డంల తెల్వలే. "కానీ రాణులకు దాసీలుండె. పొద్దున కట్టేటోళ్లు, పడుకునేటప్పుడు ఇప్పేటోళ్లు. నీ కోడలికి ఎవలున్నరు? పాత కాలం బట్ట ఒక్కటే తెచ్చినవు బేటా. చేతులు తేలే."

వాపస్ వస్తుంటే ఆ మాట చెప్పుల ముల్లు లెక్క కుచ్చుతనే ఉన్నది. ఇన్ని దినాలు రాణి ఏం తొడుక్కున్నదని అడిగిన గానీ, ఎవలు తొడిగిండ్రని ఒక్కసారి అడగలే. సీరియల్‌ల రాణి వెనక పళ్లెం పట్టుకొని ఒకామె ఎప్పుడూ నిలబడే ఉంటది. పేరు లేదు, మాట లేదు. కుట్టేటోన్ని అయ్యుండి నేను గూడ ఆమెను చూడలే, రాణినే చూసిన.

తెల్లారి మధ్యాహ్నం పెండ్లి మంచిగనే అయింది. అక్షింతలు వేసిన, కానీ ఎవలి మీద పడ్డయో తెల్వది. నా మనసంతా పొద్దుమీకి రిసెప్షన్ మీదనే. ఫంక్షన్ హాల్ల ఆడోళ్ల అర్ర బయట నిలబడ్డ. లోపలికి పోనియ్యరు. కుట్టినోడు నేనే, కట్టుడు చూడనియ్యరు. కామారెడ్డి నుంచి వచ్చిన నా భార్య లోపల ఉన్నది, మా అక్క ఉన్నది.

లంగా బొందె కట్టినట్టు కట్టిండ్రంట. సాటిన్ జారింది. రెండు ముడులు వేసిండ్రంట. గడ్డలు కట్టి మక్మల్ ముడతలు పడ్డది. "పిన్నీసులు తెండ్రి" అని అక్క ఒర్రుతున్నది. "పిన్నీసు పెడితే బొక్కలు పడతయి" అని నా భార్య. "పడనియ్యి, పరువు పోకుంటే చాలు." నేను తలుపు మీద రెండుసార్లు కొట్టి, ఎందుకు కొట్టిన్నో తెల్వక పక్కకు జరిగిన. పిల్లగాని దిక్కు వాళ్లు అప్పటికే స్టేజీ ముందర కుర్చీలు సర్దుకుంటున్నరు.

గప్పుడు నా పక్క నుంచి గాజులు గలగలమనుకుంట ఒక ముసలామె తలుపు నెట్టుకొని లోపలికి పోయింది. గాంధారి దిక్కు తండా ఆమె. మా అక్కా ఆమే ఏండ్ల సంది ఒకల చేనుకు ఒకలు కలుపుకు పోతరు. అక్క ఆమెను యాడి అంటది. వాళ్ల భాషల అమ్మ అన్నట్టు. పిల్ల పుట్టినప్పుడు నీళ్లు పోసింది గూడ ఆమెనే.

లోపల నుంచి ఆమె గొంతు: "ఎవలు కట్టిండ్రే ఇది? మేక మెడకు కట్టినట్టున్నది."

"యాడీ, జారుతుంది" అన్నది పిల్ల.

"జారదు. ఊపిరి పీల్చు. ఆపు. ఇప్పుడు ఇడువు. బిడ్డా, నువ్వు ఇటు చూడు, నా వీపు చూడు. నాదెట్లున్నది? గట్ల. పొద్దున కడితే వరి నాటినా ఊడదు, ఎడ్లను తోలినా ఊడదు. నువ్వు వంగేది ఏంది, కాళ్లు మొక్కుడే గదా."

నా భార్య నవ్వు వినవడ్డది. తర్వాత అక్క నవ్వు. చివరికి పిల్లది.

బయట నేను గోడకు ఆనుకున్న. నా కండ్లల్ల బస్సుల కొట్టిన అద్దాలు మళ్ల కొట్టినయి. గోడలు తడుముకుంట కోటకు పోయిన, ఫోన్ల గంటలు గంటలు చూసిన. తండా ఆడోళ్ల కాంచళి, గా అద్దాల రైక, వీపు మీద బొందెలతోనే ఉంటది. పుట్టినప్పటి నుంచి బస్సులల్ల, అంగట్ల, నా దుకాణం ముందర చూస్తున్న. చూస్తున్న అనుడు తప్పు. ఎదురుంగ ఉంటున్న, గంతే.

పిల్ల స్టేజీ ఎక్కింది. మొదట వంగింది అత్తకు. ముడి కదలలే. పిల్లగాని నాయినకు వంగింది. కదలలే. ఇంక వరుస పెట్టి పెద్దలు. ఇంత మంది పెద్దలు ఎల్లారెడ్డిల ఉన్నరని నాకు ఆనాడే తెల్సింది. పిల్ల వంగినప్పుడల్లా నేను గూడ కొంచెం వంగుతున్న. నా పక్క ఉన్నాయన "నడుం నొప్పా?" అని అడిగిండు.

పిల్లగాని అక్కలు ఫోన్లు పట్టుకొని స్టేజీ ఎక్కి పిల్ల వెనకకు పోయిండ్రు. ఒకామె వీపు మీది ముడిని వేలితో తాకింది. సాటిన్ బొందెల కొసలు రెండు కిందికి వేలాడుతున్నయి, పైన ముడి చిన్న మొగ్గ లెక్క ఉన్నది.

"ఇది ఎవలు చేసిండ్రు? హైదరాబాద్‌ల గిది దొరకదు."

పిల్ల తల తిప్పి నన్ను చూసింది, తర్వాత కుర్చీలల్ల వెనక కూసున్న యాడిని చూసింది. "మామ కుట్టిండు. యాడి కట్టింది" అన్నది. ఆ 'కట్టింది' అనేటప్పుడు గొంతు కొంచెం పెంచింది. వెనక కూసున్నామెకు వినవడాలె గదా.

భోజనాల కాడ యాడి పక్కన కుర్చీ లాక్కొని కూసున్న. "అవ్వా, ఆ ముడి ఒక్కసారి చూపియ్యరాదూ."

"ఆడోళ్ల వీపు మీది ముడి నీకెందుకురా?" అన్నది ఆమె. చుట్టుపక్కల తినేటోళ్ల బంతి బంతి నవ్వింది. నన్ను నవ్వించేటోళ్లు దొరకుడు తక్కువ. నేను గూడ నవ్విన, కానీ లేవలే.

ఆమె నా చేతి రుమాలు గుంజుకొని దాని రెండు కొసలు పట్టుకొని ఒకసారి వేసి చూపించింది. వేళ్లు కదిలినయి, అయిపోయింది. నాకు ఏం తెల్వలే.

"ఎవలు నేర్పిండ్రు?"

"మా యాడి."

"ఆమెకు?"

"ఆమె యాడి. అంతకు ముందు నాకేం తెల్సు. ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంట తిరిగినప్పటి సంది ఉన్నదంట. రాజుల దండు ఎటు పోతే అటు మావోళ్లు ఎడ్ల మందలతోటి పొయ్యేటోళ్లంట. దండుకు జొన్నలు కావాలె గదా. తినకుంట ఎట్ల కొట్లాడుతరు?"

ఎన్నేండ్లు నవ్విన ఆ మాట మీద! ఆకలితోనే గెలుస్తరా వీళ్లు అని. జవాబు నా పక్కన కూసోని బగార అన్నం తింటున్నది. నేను వెయ్యి అడగాలె అనుకున్న. ఎన్ని ఎడ్లు, ఏ తొవ్వ, ఆడోళ్లు గూడ పోయేటోళ్లా, పోతే పిల్లలు ఎక్కడ. గంతలనే తండా ఆటో వచ్చిందని ఆమెను పిలిచిండ్రు. చెయ్యి కడుక్కొని, నా రుమాలుతోనే తుడుచుకొని పోయింది. ముడి గూడ దాంట్లెనే పోయింది.

కామారెడ్డికి వచ్చినంక రెండు రిబ్బన్లు పట్టుకొని ఆ ముడి కోసం ఎన్ని తిప్పలు పడ్డా మేక మెడ ముడే వస్తున్నది. గాంధారి పోవాలె. ఆమె పొలం పనుల నుంచి తీరినప్పుడు పోవాలె. నా భార్యను తీసుకపోవాలె, లేకుంటే వీపు ముచ్చట నాతో మాట్లాడదు.

పొద్దుమీకి సీరియల్‌ల మళ్ల యుద్ధం. గుర్రాలు, ఏనుగులు, దుమ్ము. నేను మిషన్ ఆపి లేచి టీవీ దగ్గరికి పోయిన.

"ఎడ్లు ఏవి?" అంటి.

"ఏ ఎడ్లు?"

"జొన్నలు మోసే ఎడ్లు. ఇంత దండు ఉన్నది, ఒక్క ఎద్దు లేదు చూడు."

ఇంతకు ముందైతే సీరియల్ విననియ్యి అని నా మీద దారపు ఉండ ఇసిరేది. ఇప్పుడు ఆమె గూడ ఒళ్లె ఉన్న జాకెట్టు పక్కన పెట్టి, కండ్లు చిన్నగ చేసుకొని వచ్చి నా పక్కన నిలబడ్డది. రాజు ఏదో అంటున్నడు, ఇద్దరం వింటలేం.

"ఆగు, ఆగు" అన్నది తెర అంచు మీద వేలు పెట్టి. "గా మూలకు, దుమ్ము వెనక, ఏందో కదిలింది."

ఇద్దరం వంగినం. సబ్బు యాడ్ వచ్చింది.